యూరియా ఓడ

"ఓడ ఇంకా రాలే" అని సొసైటీ గుమాస్తా మూడో రోజూ అనేసరికి, పోశం క్యూలో తన వంతుకు గుర్తుగా అందరికంటే ముందు పెట్టిన చెప్పు తీసి కౌంటర్ మీద కొట్టాడు.

"అబద్ధాలు బంద్ చెయ్! నా బిడ్డ నీ ఓడను పట్టింది."

కోరుట్ల ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసే అతని కూతురు శ్రీలత కాగితం చాపింది. బోర్డు మీద గుమాస్తా రాసిన ఓడ పేరుతోనే వెతికి తీసిన వివరాలవి.

"సార్, గీ ఓడ పొడుగు నూటతొంబై మీటర్లు. కాకినాడకు అచ్చేటప్పుడు పది మీటర్ల లోతు మునిగి ఉండె. పోయేటప్పుడు ఆరే మీటర్లు. సరుకు దిగకుంటే ఎట్ల తేలుతది?"

క్యూ అంతా చప్పట్లు కొట్టింది.

పోశం గుమాస్తా కాలర్ పట్టుకున్నాడు. "పొలం ఎర్రబడుతున్నదిరా! మా యూరియా ఎవనికి అమ్ముకున్నవ్?"

గుమాస్తా విడిపించుకోలేదు. గొంతు తగ్గించి, "దిగింది పోశన్నా. గూడ్సు ఎక్కింది. పెద్దపల్లి కాడ ఆగింది" అంటూ సొరుగులోంచి మొన్నటి పేపరు తీసి పరిచాడు. "నిజం చెప్తే వీళ్లంతా నిన్నే తంతరని, ఓడ రాలేదని చెప్పిన."

ఫొటోలో పట్టాల మీద పిడికిలెత్తి, అందరికంటే ముందు పోశం కూర్చుని ఉన్నాడు. కింది అక్షరాలు శ్రీలత మెల్లగా చదివింది.

"యూరియా కోసం చేసిన రైల్‌రోకోతో నిలిచిన ఎరువుల గూడ్సు."

పోశం కాలర్ వదిలాడు. కౌంటర్ మీది చెప్పు తీసుకుని, క్యూ పొడుగునా నడిచి, అందరికంటే చివర పెట్టాడు.