సన్న చప్పుళ్ళు

టైమక్క ఆ వాచీ వెనక మూత తీసేలోగా దాన్ని కొట్టెయ్యాలి. నిన్నటి నుంచి అల్లుడికి ఇదొక్కటే ధ్యాస.

అల్లుడు సెల్‌ఫోన్ల సామాను కొట్టు నడుపుతాడు. పక్క కొట్టులో వాచీలు బాగుచేసే ఆవిణ్ణి వీధంతా టైమక్క అంటుంది. ఇక వాచీ ఎవరిదంటారా, అతని మామగారిది. "మా చిన్నల్లుడు బంగారం" అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునే మనిషి ఆయన.

ఆ బంగారం కిందటేడు మామగారికి తెలియకుండా ఆయన వాచీ పెట్టుకుని పడవ షికారుకు వెళ్ళాడు. సరదాగా నీళ్ళలో చెయ్యి ఆడించి వాచీని చెరువుపాలు చేశాడు. పాత సామాన్ల సంతలో అచ్చం అలాంటిదే వెతికి తెచ్చి, గుట్టుచప్పుడు కాకుండా ఆయన అలమరలో పెట్టేశాడు.

ఇన్నాళ్ళూ గండం గడిచింది. ఇప్పుడు వాచీ నెమ్మదిగా నడుస్తోందని మామగారే స్వయంగా తీసుకెళ్ళి టైమక్కకిచ్చారు. అసలు వాచీ మూత లోపల ఆయన తండ్రి చెక్కించిన పేరు ఉంటుంది. దీని లోపల ఏమీ ఉండదు. ఆ ముక్క మామగారి చెవిన పడితే బంగారం కాస్తా ఇత్తడైపోతుంది.

కొట్టేద్దామంటే టైమక్కతోనే చిక్కు. వీధికి వీపు పెట్టి, కిటికీ వెలుతురులో పని చేసుకుంటుంది. చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లుంటాయి. అయినా గుమ్మంలో చీమ చిటుక్కుమంటే చాలు, గిరుక్కున తిరిగి చూస్తుంది. పాతవి, వదులుగా ఉన్నాయి, అందుకే బయటి చప్పుళ్ళన్నీ దూరుతున్నాయని అల్లుడు తేల్చుకున్నాడు.

అంతలో అదృష్టం నడుచుకుంటూ అతని కొట్టుకే వచ్చింది.

"తమ్ముడూ, ఒక చెవి మోగడం మానేసింది. కొత్తవి చూపించు" అంది టైమక్క.

"వైరు లేనివి తీసుకో అక్కా. ఇప్పుడందరూ అవే వాడుతున్నారు."

"వద్దు నాయనా. వాటిలో చప్పుడు ఒక్క రవ్వ ఆలస్యంగా వస్తుంది. నా పనికి కుదరదు. పైగా రోజూ చార్జింగ్ పెట్టే ఓపిక నాకు లేదు. వైరువే ఇవ్వు. దబదబా మోగేవి కాదు, సన్న చప్పుళ్ళు తేటగా వినబడాలి."

వేణువు పిచ్చి కాబోలు అనుకున్నాడు అల్లుడు. కొట్టులో ఉన్న వాటన్నిట్లోకీ మేలైనవి తీశాడు. వైరు చెవి వెనక నుంచి దిగుతుంది, పని చేసే చేతులకు అడ్డం రాదు. పిన్ను దగ్గర వంపు ఉంది, తొందరగా తెగదు. చివరి రబ్బరు బుడిపెలు ఒక్కొక్కటే మార్చి చూశాడు. ఆవిడ ఎడమ చెవికి చిన్నది, కుడి చెవికి కాస్త పెద్దది సరిపోయాయి. అప్పుడు వెనక్కి వెళ్ళి అరచేతులు మండేలా చప్పట్లు కొట్టాడు. టైమక్కలో చలనం లేదు.

"భలే కుదిరాయి తమ్ముడూ. నీలా దగ్గరుండి చూసేవాళ్ళు ఎవరున్నారు!" అని మెచ్చుకుని వెళ్ళింది.

మర్నాడు మధ్యాహ్నం, వీధి కునుకు తీసే వేళ, అల్లుడు పక్క కొట్టులోకి తొంగి చూశాడు. టైమక్క బల్లమీదికి వంగి ఉంది. కొత్త వైరు ఆవిడ చెవుల నుంచి దిగి సొరుగులోకి పోయింది. ఒక వేలు బల్లమీద తాళం వేస్తోంది. పాటలో బాగా మునిగిపోయిందని అల్లుడికి హుషారొచ్చింది. ధైర్యం కోసం తోడల్లుడికి ఫోన్ చేశాడు. చెరువు సంగతి తెలిసినవాడు పెద్దల్లుడొక్కడే.

"లోపలికి వచ్చేశానన్నయ్యా... మెల్లగా ఎందుకూ? అరిచినా వినబడదు. చెవులకి బిరడాలు నేనే దగ్గరుండి బిగించాను! అసలు వాచీ చెరువులో ఉందనీ, ఇది సంతలో కొన్నదనీ ఇక మామగారికి ఈ జన్మకు తెలియదు. దొంగలెత్తుకుపోయారనుకుంటారు, అంతే."

ఎందుకైనా మంచిదని ఒక్క చప్పట కొట్టి చూశాడు. టైమక్క భుజాలు ఉలిక్కిపడ్డాయి. తల మాత్రం తిప్పలేదు. పాటలో మంచి ఘట్టం వచ్చినట్టుంది అనుకుని, గోడ కొక్కేనికి వేలాడుతున్న వాచీ తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కరి వాచీ కూడా పోగొట్టని మనిషికి తనవల్ల మాట వస్తుందని మనసు చివుక్కుమంది. చివుక్కుమన్న మనసును బుజ్జగించుకుంటూ బయటపడ్డాడు.

సాయంత్రం మామగారు రానే వచ్చారు. దొంగతనం బయటపడగానే అందరికంటే ముందు గుండెలు బాదుకోవాలని అల్లుడు ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు.

"నా వాచీ అయిందా తల్లీ?" అడిగారు మామగారు.

"దాని సంగతి మీ అల్లుడుగారే చెబుతారండి" అంది టైమక్క నవ్వుతూ. "ముందు ఆయన ఇచ్చిన ఇయర్‌ఫోన్లు ఎంత బాగా పనిచేస్తున్నాయో ఆయన్నే ఓసారి విననివ్వండి."

అతను కాదనేలోగా రెండు బుడిపెలూ అతని చెవుల్లో దూర్చేసి, సొరుగులోంచి వైరు రెండో చివర పైకి లాగింది.

అల్లుడి మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మామగారు ముచ్చటపడిపోయారు.

"ఏం పాటల్లుడూ? అంతలా లీనమైపోయావు?"

పాట కాదు. వాచీల జబ్బు వినడానికి టైమక్క వైరు చివర తగిలించుకున్న బుల్లి మైకు ఇప్పుడు అతని చొక్కా జేబుకు ఆని ఉంది; అందులోంచి టిక్కు టిక్కుమంటూ సంత వాచీ, దానికి రెట్టింపు వేగంతో అతని గుండె, రెండూ మహా తేటగా వినబడుతున్నాయి.