ఎలా తోశాడు?

"మా బట్టల ఫ్యాక్టరీ మేనేజరు నన్ను మెట్ల మీంచి తోశాడండీ" అంది బోనులో నిలబడ్డ టైలరమ్మ. ఆవిడ ఎడమచేతికి పిండికట్టు ఉంది. కోర్టు దుబాసీని నేను. "పుష్" అని చెప్పాను.

మేనేజరు తరఫు లాయరు ఇంగ్లీషులో అందుకున్నాడు. "పుష్ కాదు, నడ్జ్. పక్కకి జరగమని మోచేత్తో అలా తట్టాడంతే."

జడ్జిగారు నావైపు చూశారు. నడ్జ్ అని రాసుకుంటే ఆవిడ తనంతట తనే పడ్డట్టు. కేసు గోవిందా.

"అమ్మా, తోయడంలో ఇంగ్లీషువాళ్లకి చాలా రకాలున్నాయి. తట్టాడా, నెట్టాడా, విసురుగా తోశాడా?"

"చెయ్యి విరిగాక ఇంకా రకాలేంటయ్యా!" ఆవిడ కళ్లు ఎర్రబడ్డాయి. "చీరల కొట్లో రంగులడిగినట్టు అడుగుతావేంటి? ఎలా తోశాడో చెప్పనా?"

చరచరా బోను దిగొచ్చింది. "ఇదిగో, ఇలా!" అంటూ కుడిచేత్తో నా రొమ్ము మీద ఒక్క తోపు తోసింది. కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాను.

లాయరు గంతేసి లేచాడు. "అసాల్ట్! ఇది దాడి యువరానర్! నేరం! వెంటనే అరెస్టు చేయించండి!"

జడ్జిగారు కలం అందుకుని రాసుకోవడం మొదలుపెట్టారు. లాయరు మొహం మెల్లగా పాలిపోయింది.

"అమ్మా" అన్నాను నేల మీంచే, "నువ్వు చెప్పింది లాయరుగారు నాకంటే బాగా అనువదించారు."