పక్కన పెట్టిన కవిత

“మాస్టారూ, దయచేసి ఆ దిండు మీద నుంచి లేవండి.”

చిజురు ఈ మాట అనేసరికి టీ తాగుతున్నవాళ్లందరూ కప్పులు కింద పెట్టేశారు.

ఉసామి మాస్టారు లేవలేదు. కవితలు ఎంచే పెద్ద కూర్చునే దిండు అది. ఆయన ముందు ఆ నెల కవితల కాగితాలున్నాయి. రాసినవాళ్ల పేర్లు లేవు. చేతిరాత దొరికిపోకుండా ఒకరివి ఇంకొకరు తిరగరాసి ఇచ్చారు. వాటిలో మూడింటిని ఎంచి మాస్టారు పైకి చదువుతారు. అప్పుడు ఆ రాసినవాళ్లు కూర్చున్నచోటి నుంచే తమ పేరు పలుకుతారు. మిగిలినవి ఎవరివో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఇంటికి వెళ్లాక కూడా అంతే. జపాన్‌లోని మాత్సుయే ఊళ్లో సరస్సు ఒడ్డునున్న ఆ మేడగదిలో చాలా ఏళ్లుగా అదే పద్ధతి.

“ఎందుకమ్మా లేవడం?” అన్నారు మాస్టారు.

“మీ కొత్త పుస్తకం చదివాను. కవి పేరు అక్కర్లేదు, జీవితం అక్కర్లేదు, వాడిన మాటలు చూస్తే చాలు, మనిషి దొరికిపోతాడని రాశారు. నిజమేనా?”

“నిజమే.”

“మరి ఇక్కడ పేర్లు దాచి ఏం లాభం? మీకు అన్నీ తెలిసిపోతాయిగా! నేను కాలేజీలో ఆడిటర్ల నీతి పాఠం చెప్తాను. తనవాళ్ల లెక్కలు చూడాల్సి వస్తే ఆడిటరు తప్పుకోవాలి. పైకి పేర్లు మూసిపెట్టినంత మాత్రాన సరిపోదు.”

“ఒకవేళ నేను గుర్తుపట్టలేననుకోండి?”

“అప్పుడు మీ పుస్తకం అబద్ధం.”

బియ్యం పులియబెట్టి సాకే మద్యం చేసే బట్టీ నడిపే రోకురో పకపకా నవ్వాడు. “మాస్టారూ, ఎటు దూకినా దెబ్బ తప్పదు! మెత్తటి చోటు చూసుకోండి.”

మాస్టారు నవ్వలేదు. ఆయనా కాలేజీలో పాఠాలు చెప్తారు గానీ, ఆ ఉద్యోగం కన్నా ఈ దిండు ఎక్కువ. ఆ పుస్తకం దిండు కన్నా ఎక్కువ. కాసేపు కిటికీలోంచి సరస్సు మీద పడుతున్న వాన చూసి, కళ్లజోడు పెట్టుకున్నారు.

“ఇది రోకురోది. ఏ ఋతువు మీద రాసినా ఇతని కవితలో ఏదో ఒకటి పులుస్తుంది.”

అందరూ గొల్లుమన్నారు. రోకురో తల గోక్కున్నాడు.

“ఇది మందుల షాపు హిసానో గారిది. ఎవరినీ నొప్పించకుండా చివర మెల్లగా వదిలేస్తారు.”

“అమ్మో!” హిసానో రెండు చేతులతో చెంపలు కప్పుకుంది.

అలా ఒక్కో కాగితం తీసి ఆయన పేరు చెప్పడం, ఆ మనిషి ఆశ్చర్యంగా తలూపడం. ఒక్కటీ తప్పు కాలేదు. రెండు కాగితాలు మిగిలేసరికి మాస్టారి చెయ్యి ఆగింది.

“ఆగారేం?” అంది చిజురు.

“వీటిలో ఒకటి మా ఆవిడది.”

మూలన కూర్చుని పండ్లు కోస్తున్న ఇకుయో తలెత్తింది.

“అదీ సంగతి! ఇన్నేళ్లూ గుర్తుపడుతూనే ఉన్నారన్నమాట. ఈ గదిలో నా పేరు ఒక్కసారైనా పలికే...” చిజురు మాట మింగేసింది.

“చూశారా, అసలు మంట అక్కడ!” అన్నాడు రోకురో. చిజురు ముఖం ఎర్రబడింది.

“గుర్తుపట్టాను,” అన్నారు మాస్టారు నెమ్మదిగా. “అందుకే ఎప్పుడూ ఎంచలేదు. ప్రతి నెలా అన్నిటికన్నా అదే బాగుంటుంది. ప్రతి నెలా పక్కన పెట్టేశాను. పెళ్లానికి పెద్దపీట వేశాడని ఎవరూ అనకూడదు కదా.”

ఇకుయో పేరు ఆ గదిలో ఎన్నడూ వినపడలేదన్న సంగతి అందరికీ అప్పుడే తట్టింది.

“తప్పు చేశానా? చెప్పండమ్మా. నీతి పాఠం మీది.”

చిజురు ముఖంలో కోపం పోయి, లెక్కలో ఏదో కొత్త సంగతి కనిపించినప్పటి ఆసక్తి వచ్చింది.

“అంత బాగుందని తెలిసీ పక్కన పెట్టారా?”

“తెలిసే పెట్టాను.”

“అయితే తప్పు లేదు. సందేహమున్న లాభాన్ని లెక్కలో చూపించకూడదు. మా పిల్లలకు మొదటిరోజే చెప్తాను. ఒక్కరికి నష్టం జరిగితే జరిగింది, నలుగురి నమ్మకం నిలబడింది. మీరు లేవక్కర్లేదు, మాస్టారూ. నేనే తొందరపడ్డాను. క్షమించండి.”

చిజురు రెండు చేతులూ చాప మీద ఆనించి, తల బాగా వంచింది.

మాస్టారి భుజాలు తేలికపడ్డాయి. “ఈ ఒక్కరోజుకీ పద్ధతి తప్పుతాను. ఆ పేరు ఈ గదిలో ఒక్కసారైనా వినాలని ఉంది,” అంటూ ఒక కాగితం తీసి చదివారు.

చలి వాన
అన్నం గిన్నెలో మిగిలింది
ఒకరి వంతు

హిసానో కళ్లు తుడుచుకుంది. రోకురో కూడా కిటికీ వైపు తిరిగిపోయాడు.

“నేను ఆలస్యంగా ఇల్లు చేరే రోజుల మీద రాసింది,” మాస్టారు గొంతు సవరించుకున్నారు. “పేరు చెప్పు, ఇకుయో.”

ఇకుయో ఆయన్ని వింతగా చూసింది.

“మనింట్లో అన్నం ఎప్పుడు మిగిలిందండీ? ఎంత పొద్దుపోయి వచ్చినా గిన్నె ఊడ్చేస్తారుగా! నేను రాసింది ఆ రెండోది, చేమంతుల మీద.”

ఎవరో కిసుక్కున నవ్వి, అంతలోనే ఆపేశారు. అందరి చూపులూ ఒక్కొక్కటిగా ఒకే వైపు మళ్లాయి. చాప మీద వంచిన తల ఇంకా పైకి లేవలేదు. పద్ధతి ప్రకారం, కూర్చున్నచోటి నుంచే సన్నగా ఒక గొంతు పలికింది.

“చిజురు.”