ముఖం చాటేసినవాడు

రోలండ్ వరండాలోనే కూర్చున్నాడు. అదీ సభ జరుగుతున్న గదికి వీపు పెట్టి.

ఎనిడ్ చూపు ఆ వీపు మీద నుంచి కదల్లేదు. తీరంలోని ఐదు ఆదివాసీ తెగలు కలిసి సముద్ర కూటమి పెట్టుకున్నప్పటి నుంచీ అతను కూర్చునేది ఆమె పక్క కుర్చీలోనే. ఆమె పళ్ళెంలోంచి బిస్కెట్లు కాజేసి, "నీకు షుగరు కదా ఆంటీ, నీ కోసమే తింటున్నా" అనేవాడు. అతన్ని ఇంతవాణ్ణి చేసింది ఆమే.

సముద్రం అడుగున, సముద్రపు ఆవులు మేసే గడ్డి కింద గ్యాస్ ఉందట. కంపెనీ కన్ను దాని మీద పడింది. అక్కడ తవ్వకాలు మొదలైతే ఎనిడ్ వాళ్ళ తీరానికి ఇక దిక్కు లేదు. రేపు కూటమి తరఫున కంపెనీతో మాట్లాడాల్సింది ఈ రోలండే.

అతను పది రోజులు బ్రూమ్ పట్నంలో ఉండి వచ్చాడు. కంపెనీ ఆఫీసూ ఆ ఊళ్ళోనే. చిరుగుల టోపీతో వెళ్ళినవాడు కొత్త చొక్కా, కొత్త బూట్లతో దిగాడు. ఎనిడ్ కూతురు లెనోర్ అక్కడి ఆసుపత్రిలో నర్సు. "వాడక్కడ ఏం వెలగబెడుతున్నాడో కాస్త కనుక్కోవే" అంటే, "బాగానే ఉన్నాడమ్మా" అని టక్కున ఫోన్ పెట్టేసింది.

నిన్న తాబేలు మాంసం పంపాడు. మంచి కొవ్వున్న ముక్క. తనే తెచ్చి ఇవ్వచ్చుగా? కూటమి అధ్యక్షుడు సిరిల్ భార్య చేతికిచ్చి పంపాడు. నోరు మూయించడానికేనని ఎనిడ్‌కు అర్థమైపోయింది. మాంసం కుక్కలకు వేసింది.

ఇవాళ టీ దగ్గర ఎదురుపడబోతే కప్పు అక్కడే వదిలేసి, కూటమి ఆఫీసు వెనక నుంచి చుట్టు తిరిగి పోయాడు. ఇందులో ఏదో మతలబు ఉంది.

"రోలండ్‌ని తప్పించాలి," అంది ఎనిడ్.

సిరిల్ గొంతు సవరించుకున్నాడు.

"పోనీ లోపలికి రాకపోతే ఏమైందక్కా. వరండాలో కూర్చున్నా సభలో ఉన్నట్టేనని రూలు రాయించిందే నువ్వు."

"పెద్దల మర్యాద నిలబడాలని రాయించాను. దొంగలు దాక్కోడానికి కాదు."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఒకామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంటే వీళ్ళందరికీ తెలుసన్నమాట. తెలిసీ నోరు మెదపడం లేదు.

"కంపెనీకి అమ్ముడుపోలేదని లోపలికొచ్చి, నా కళ్ళల్లోకి చూసి చెప్పమను," అంది ఎనిడ్. "చెప్పాడా సరే. లేదంటే ఈ పూటే మా తెగ కూటమిలోంచి బయటికొచ్చేస్తుంది."

ఐదు తెగల్లో ఏ ఒక్కటి పోయినా కూటమి లేనట్టే. వరండాలో ఆ వీపు ఇంకాస్త ముడుచుకుంది. సిరిల్ నెత్తి గోక్కున్నాడు.

"ఎలా చూస్తాడక్కా, పోయిన శనివారమే మీ లెనోర్‌ని చేసుకున్నాడు, అల్లుడు అత్తగారి మొహం చూడ్డం మనలో ఎక్కడైనా ఉందా?"