కదలని రొయ్యలు

జిగురు రాసి, బిళ్ళను రాయికి నొక్కి, ఉఫ్‌మని ఊదింది కాపలాదారు భార్య.

"పట్టుబడితే నా ఉద్యోగం గంగలో కలుస్తుందే," అన్నాడు భర్త.

"అంటించకపోతే మాత్రం ఉంటుందా ఏం?"

అదీ నిజమే. వేట నిషేధించిన ఆ సముద్రపు ముక్కలో ముళ్ళ రొయ్యలు నిలకడగా ఉంటున్నాయో లేదో తేల్చమని ఆఫీసు వాళ్ళు కూత పెట్టే బిళ్ళలు పంపారు. ఒక్కో రొయ్య వీపుకి ఒక్కోటి అంటించి వదలాలి. నీళ్ళలోని యంత్రం ఆ కూతలు విని, ఏది ఎక్కడుందో ఆఫీసుకి చెబుతుంది. చలి మొదలవగానే ఆ రొయ్యలు బారులు తీరి వెళ్ళిపోవడం భర్త కళ్ళారా చూశాడు. అవి హద్దు దాటితే నిషేధం ఎత్తేస్తారు. నిషేధం పోతే కాపలా పోతుంది, కాపలా పోతే క్వార్టరు పోతుంది.

ఊరూరా తిరిగిన కాపురం ఆవిడది. వెళ్ళిన ప్రతిచోటా ఒక స్నేహితురాలినీ ఒక పిల్లినీ వదిలేసి రావడమే. మళ్ళీ పీకాలి కదా అని ఏ ఇంట్లోనూ గోడకి మేకు కొట్టనిచ్చేది కాదు. ఈ ఇంట్లోనే మొదటిసారి, అద్దం తగిలించడానికి, తనే కొట్టింది. ఆ మేకు కోసం ఎంతకైనా తెగిస్తుంది.

రొయ్యలను ఉత్త వీపులతో వదిలేశారు. అవి మీసాలు ఊపుకుంటూ తమ దారిన పోయాయి. బిళ్ళలున్న రాళ్ళు మాత్రం వేసిన చోట బుద్ధిగా కూర్చున్నాయి.

"అన్నీ ఇలా బిగుసుకుపోతే అనుమానం రాదూ? అప్పుడప్పుడూ ఒకటి రెండింటిని పక్క సందుకి చుట్టపుచూపుగా పంపించండి," అనేది ఆవిడ. పాపం భర్త, మునిగి రాళ్ళను జరిపి వచ్చేవాడు.

చలికాలం దాటాక పెద్ద ఆఫీసరు స్వయంగా వచ్చాడు. ఆవిడ టీ అందించింది.

"ఇంత విశ్వాసం గల రొయ్యల్ని నా సర్వీసులో చూళ్ళేదు," అన్నాడాయన. "ఇక్కడ నిషేధం ఖాయమైపోయింది, ఇక ఎవరు కాపలా కాసినా ఒకటే. మిమ్మల్ని అవతలి తీరానికి బదిలీ చేస్తున్నాం. అక్కడ ఒక్క రొయ్యా నిలవడం లేదు. మా కుర్చీలకే ఎసరొచ్చేలా ఉంది."

ఆవిడ గోడ మీది మేకు వైపు చూసింది.

"మేం వెళ్ళినంత మాత్రాన అవి నిలుస్తాయాండీ?" అంది.

ఆఫీసరు టీ పూర్తిచేసి, కప్పు మెల్లగా కింద పెట్టాడు.

"నిలుస్తాయమ్మా. కాకపోతే అక్కడంతా ఇసుకే. రాళ్ళు ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళండి."