ఆఖరి కోటింగు

తుప్పు మాస్టారు గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్ గిన్నెలో మట్టిరంగు పోసి, కంప్రెసర్ స్విచ్ నొక్కి, జానెడు పొడవున్న ఎర్ర మోటారు సైకిలు బొమ్మ మీదికి బ్రష్ ముక్కు తిప్పేసరికి, సిస్టర్ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దండి."

మాస్టారి చెయ్యి గాలిలోనే ఆగింది. మోడల్ కిట్ల క్లబ్బులో ఆయన బ్రష్‌కి ఇంతవరకూ ఎవరూ అడ్డం రాలేదు. రైలింజను గానీ, ఓడ గానీ, విమానం గానీ, ఎవరు అతికించి తెచ్చినా, ప్రదర్శన అల్మరాలోకి వెళ్ళేముందు ఆఖరి కోటింగు ఆయనది. తుప్పు, మసి, నూనె మరకలు, దుమ్ము. ఆయన చెయ్యి పడితే నిన్న కట్టిన ఓడ నలభై ఏళ్ళు సముద్రంలో నానినట్టు తయారయ్యేది. ఆ పేరు అలా వచ్చిందే. వెనకాల పిలుచుకునే ఆ పేరంటే ఆయనకు లోపల్లోపల గర్వం కూడా.

"చెయ్యి తియ్యమ్మా, రంగు పడుతుంది."

"నా చేతి మీద పడనివ్వండి. బండి మీద మాత్రం వద్దు."

మూడు నెలల కిందట చేరిన మనిషి ఈవిడ. ఆసుపత్రిలో నర్సు కాబట్టి క్లబ్బంతా సిస్టర్ అనే పిలుస్తుంది. మొదటి వారం ఆవిడ ఎయిర్ బ్రష్ పట్టుకున్న తీరును మాస్టారు ఇప్పటికీ నలుగురికీ నటించి చూపిస్తాడు. దగ్గరగా పెట్టి కొడితే రంగు జలుబు చేసిన ముక్కులా కారింది. దూరంగా పెట్టి కొడితే గాలిలోనే ఆరిపోయి ఇసుక చల్లినట్టయింది. బ్రష్ లోపలి సూది కడగడం మరిచిపోయి రెండుసార్లు అది బిగుసుకుపోయేలా చేసింది. రంగు పల్చన చేసే థిన్నర్‌ని సిరంజితో కొలిచి పోస్తుంటే, ఇది బొమ్మకా రోగికా అని ఆయన అడిగాడు. అందరూ నవ్వారు. ఆవిడ తలెత్తకుండా చుక్కలు లెక్కపెట్టుకుంది.

ముందు ప్లాస్టిక్ చెంచాల మీద సాధన చెయ్యమని చెప్పాడు, పీడ వదులుతుందని. ఆవిడ నూటపన్నెండు చెంచాలకు రంగు వేసి పట్టుకొచ్చింది. అన్నీ ఒకే ఎరుపు. ఇంకో రంగు నేర్చుకోవాలని లేదా అంటే, ఇదొక్కటి వస్తే చాలండి అంది. ఒక్క రంగుతో సరిపెట్టుకునేవాళ్ళు గోడలకు సున్నం కొట్టుకోవచ్చని మాస్టారు ఆ రోజే తేల్చేశాడు.

ఇవాళ బండి తెచ్చింది. వంక పెడదామని ఆయన పెట్రోలు టాంకు మీద భూతద్దం పెట్టి పావుగంట వెతికాడు. రంగు ఎక్కడా కారలేదు. నారింజ తొక్కలా గరుకు తేలలేదు. ఒక్క నలుసు అంటుకోలేదు. ఆ ఎరుపులో ఆయనకు తన మొహమే కనిపించింది. ఒళ్ళు మండింది.

"కొత్తగా మొదలుపెట్టినవాళ్ళందరికీ ఇదే రోగం," అన్నాడు చుట్టూ చేరినవాళ్ళతో. మెరిస్తే చాలు పని అయిపోయిందనుకుంటారనీ, అంత మెరుపు కావాలంటే ఇంత తంటా దేనికి, దుకాణంలో ఆట బొమ్మ కొనుక్కుంటే పోతుందనీ విడమరిచి చెప్పాడు. వాళ్ళలో కళ్ళద్దాల షాపాయన తలూపి, మాస్టారి చెయ్యి పడితే బండికి ప్రాణం వస్తుంది, చెయ్యనివ్వండి సిస్టర్ అన్నాడు.

సిస్టర్ ఆయనకేసి ఒకసారి చూసింది.

తనకు పెద్దగా ఏమీ రాదని ఒప్పుకుంది. రంగులో తప్పుంటే చెప్పమంది, తుడిచేసి మళ్ళీ వేస్తానంది. అల్మరాలో అడుగు అరలో, ఏ మూల పెట్టినా ఫరవాలేదంది. రేపు ప్రదర్శనకి వాళ్ళమ్మ వస్తోందట. ఈ బండి చూడ్డానికే వస్తోందట. ఉన్నది ఉన్నట్టు పెట్టనిస్తే చాలట.

"అమ్మకు చూపించి వీపు తట్టించుకుందామనా?" అన్నాడు మాస్టారు. "ఇదేమైనా ఒకటో తరగతా? దుమ్ము పట్టని బండి నా అల్మరాలోకి వెళ్ళదు. అంతే."

ఆవిడ చెయ్యి కదల్లేదు. పక్కనున్న ఒకరిద్దరు ముసిముసిగా నవ్వడం విని మాస్టారికి హుషారెక్కింది. బ్రష్ పక్కన పెట్టి, చూపుడువేలితో బండిని కింది నుంచి పైకి చదవడం మొదలుపెట్టాడు.

"ఈ టైరు చూడండి. రోడ్డు తగిలిన టైరేనా? సైలెన్సరు చూడండి, ఒక్కసారి వేడెక్కిన గుర్తు లేదు. మడ్‌గార్డు కింద మట్టి లేదు. నంబరు ప్లేటు ఖాళీ. నంబరు రాయడానికి కూడా బద్ధకం. ఇక ఈ సీటు..." గోటితో గీరాడు. పల్చటి కాగితంలాంటిదేదో చప్పుడు చేసింది. "సీటుకి ప్లాస్టిక్ కవరు కూడా తొడిగింది మహాతల్లి."

ఈసారి అందరూ పైకే నవ్వారు.

"గీరకండి," అంది సిస్టర్. "అతికించడానికి నాలుగు రోజులు పట్టింది."

"బండి అన్నాక తిరగాలమ్మా. తిరిగితే మాయాలి. నేను ఇన్నేళ్ళుగా నేర్పుతున్నది అదే." మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకున్నాడు. "పోనీ నువ్వే చెప్పు. దీన్ని చూసి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందనుకోవాలి మేము?"

"పదకొండు."

"బాగుంది. పది కాదు, పన్నెండు కాదు. పదకొండే ఎందుకో?"

సిస్టర్ కవరు మీద పడ్డ గోటి గీతను బొటనవేలితో మెల్లగా సరిచేసింది.

"షోరూం నుంచి మా ఇంటికి ఇరవై కిలోమీటర్లండి. మా తమ్ముడు పదకొండే నడిపాడు."