నిఖిత దాచిన పాస్‌వర్డ్

ఆదివారం రాత్రి బెల్లంపల్లి గని ఆఫీసులో నిఖిత ఒక్కతే ఉంది. గని లోపల నీటి పంపు దగ్గర ఆమె తండ్రి ఒక్కడే ఉన్నాడు. గనిలోకి దిగినవారి పేర్లుండే డేటాబేస్ పాస్‌వర్డ్ సర్వర్ ఫైల్లో బాహాటంగా ఉన్నందువల్లే, పోయిన వారం ఎవరో ఒక కార్మికుడి పేరు చెరిపేశారు. పేరు లేనందువల్ల, అతను పైకి రాకపోయినా ఎవరూ వెతకలేదు. అందుకే ఆమె పాస్‌వర్డ్ మార్చి, ఎవరూ చదవలేని గుప్తాక్షరాల్లో దాచింది.

అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా తెరమీద తండ్రి పేరు ఒక్కో అక్షరమే చెరిగిపోయింది.

గనిలోకి దిగేవారికి దీపాలిచ్చే ల్యాంపురూం నుంచి ఎల్లేశం ఫోన్ చేశాడు.

"బిడ్డా, లోపల ఎవ్వలు లేరని చూపెడుతుంది. గాలి ఫ్యాను బంద్ చేస్తున్న."

"వద్దు కాకా! బాపు లోపలనే ఉన్నడు. ఇందాక నువ్వే గద ల్యాంపిచ్చి పంపినవ్!"

అవతల రిజిస్టరు పేజీలు తిప్పిన చప్పుడు.

"నీకసలు బాపే లేడు గద బిడ్డా?" అన్నాడు ఎల్లేశం, ఎంతో జాలిగా.

కిటికీ అవతల ఫ్యాను హోరు మెల్లగా తగ్గసాగింది.